ఖాళీ అనుకున్న క్యాసెట్

అప్పట్లో రాజమండ్రిలో మాకో చిన్న వీడియో స్టూడియో ఉండేది. నేను పెళ్లిళ్లు తీసేవాణ్ని. మా ఆవిడ వాటిని కొత్త కంప్యూటర్లోకి ఎక్కించేది. ఎక్కించేశాక అదే క్యాసెట్ మీద ఇంకో పెళ్లి తీసేవాళ్లం.

నిడదవోలులో ఒక పెళ్లి. ముహూర్తం దగ్గరపడుతోంది. కెమెరాలో క్యాసెట్ పెట్టి రికార్డు బటన్ మీద వేలు ఉంచాను. అంతలో పెళ్లింటి ఫోను మోగింది. ఎత్తినాయన అక్కణ్నుంచే కేకేశాడు:

"వీడియో గారూ, మీ ఆవిడండీ. ఏడుస్తున్నారు!"

అందరూ నావైపే చూశారు. పరుగున వెళ్లి ఫోను అందుకున్నాను.

"ఏవండీ, ఆ క్యాసెట్ మీద తీయకండి! కంప్యూటర్లో సీన్ల పేర్లూ టైములే ఉన్నాయి, బొమ్మ ఒక్కటీ ఎక్కలేదండి!"

'లాగ్' అన్న బటన్ నొక్కితే బొమ్మ కూడా ఎక్కేస్తుందని ఇద్దరం నమ్మాం. ఆ క్యాసెట్‌లో ఉన్నది అంతకుముందు తీసిన పెళ్లి. అందులో మనవరాలిని దీవించిన తాతగారు ఆ పెళ్లయిన కొద్దిరోజులకే పోయారు.

సంచి అడుగున కొత్త క్యాసెట్ ఒకటుంది. దాని కవరు చేత్తో చిరగలేదు, పళ్లతో లాగాను. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు రికార్డు మొదలైంది.

ఇంటికెళ్లేసరికి మా ఆవిడ మానిటర్ అంచున రెండు కాగితాలు అంటించింది: 'లాగ్ అంటే పేరే', 'క్యాప్చర్ అంటే బొమ్మ'. ఆ సాఫ్ట్‌వేర్ మాకు తేలికైంది ఆ రోజే. ఇప్పటికీ రికార్డు నొక్కే ముందు, ఎక్కడైనా ఫోను మోగుతుందేమోనని ఒక్క క్షణం ఆగుతాను.