రా అంటే రాని కుక్క

మా వదిన వీధికుక్కల్ని పడుతుంది. అదేం పనని ఇంట్లో అందరూ ముక్కున వేలేసుకున్నవాళ్లే. మెడకి ఉరి వేసి ఈడ్చుకురావడం ఆవిడకి గిట్టదు. బోను పెట్టి, లోపల తిండి పెట్టి, కుక్క తనంతట తాను నడిచొచ్చేదాకా కూర్చుంటుంది. కుక్క మొరిగితేనే గుండె దడదడలాడే నేను ఆవిడ వ్యాను నడుపుతాను. నా ఖర్మ!

నిన్న ఒక గోధుమరంగు ఆడకుక్క గోడౌన్ వాచ్‌మన్‌ని కరిచిందట. ఇవాళ మేం వెళ్లేసరికి జనం కర్రలు పట్టుకుని కాచుకునున్నారు.

"అది పిచ్చికుక్కమ్మా. చీకటి పడేలోపు తీసుకెళ్తే సరే, లేకపోతే మేమే చంపేస్తాం" అన్నారు.

వదిన బోను తలుపెత్తి, లోపల ఉడికించిన మాంసం పెట్టి, పక్కకి తిరిగి కూర్చుంది. కుక్క కళ్లలోకి చూడకూడదట. "రా తల్లీ, రా" అని మెల్లగా పిలిచింది. గోడ దగ్గరున్న కుక్క వెనక్కి జరిగింది. మళ్లీ పిలిచింది. ఇంకా వెనక్కి జరిగింది. పొద్దు వాలిపోతోంది.

"వదినా, ఇది వచ్చేలా లేదు. వల వేసేద్దాం."

"మరిదిగారూ, కాస్త నోరు మూసుకుంటారా? బెదిరిందంటే రోడ్డెక్కుతుంది. అక్కడన్నీ లారీలే."

అంతలో ఒకడు కర్రతో నేలమీద ఠపీమని కొట్టాడు. నా ప్రాణం పోయినంత పనైంది. కుక్క మాత్రం ఎదురుగా ఉన్న ఇస్త్రీకొట్టు వైపే చూస్తోంది. దానికి రోజూ తిండి పెట్టేది ఆ కొట్టు ముసలావిడేనట. అందరూ తననే తిడుతున్నారని తలుపు చాటున నక్కి ఉంది పాపం.

"పెద్దమ్మా, దీన్నేమని పిలుస్తావు?" అని అడిగింది వదిన.

"నేనెందుకు పిలుస్తానమ్మా? పొద్దున్నే వచ్చి కాళ్లకి అడ్డం పడుతుంది. రొట్టె పడేసి, పోవే, పో అంటాను. రా రా అని పిలిచేది ఈ వీధి పిల్లకాయలు. పిలిచి రాళ్లేస్తారు."

వదిన నెత్తి కొట్టుకుంది. అచ్చం ఆ ముసలావిడలాగే విసుక్కుంటూ "పోవే, పో!" అంది.

కుక్క చెవులు లేచాయి. తోకాడించుకుంటూ వచ్చి, వదిన చెప్పులు వాసన చూసి, బోనులోకి దూరింది. వెనక తలుపు పడింది.

వాచ్‌మన్ కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ ముందుకొచ్చాడు.

"నిన్న నేనూ పో అనే అన్నానమ్మా. అన్నకొద్దీ దగ్గరికొచ్చింది. మీద పడుతుందేమోనని కర్రతో కొట్టాను. అప్పుడే కరిచింది."

"నువ్వు మాత్రం సూదులన్నీ వేయించుకో. దీనికి పిచ్చో కాదో కొన్నాళ్లు చూస్తేగానీ తెలీదు" అంటూ వదిన బోను మీద గుడ్డ కప్పింది.

వ్యాను కదిలిందో లేదో వెనకనుంచి మూలుగు మొదలైంది. నిజంగానే పిచ్చెక్కి ఉంటే? ఆ ఏడుపు వినలేక, "పోవే, పో" అన్నాను.

గుడ్డ కింద తోక బోనుకి తగిలి టపటపమంది.