మొటిమలకు రొయ్యల తప్పు లేదు

పీట ఇటు జరుపుకుని నా పక్కన కూర్చోండి, ఆ ఫ్యాను చప్పుడుకు నా మాట వినపడదు. మా మనవరాలి మొటిమల సంగతి చెప్తాను. ఎదిగే పిల్లలున్న ఇంటికి పనికొస్తుంది.

మాది హంసలదీవి దగ్గర ఎండుచేపల ఇల్లు. కొడుకు సముద్రం మీద చేపల వేటకు వెళ్తాడు, నేనూ కోడలూ చేపలు ఎండేస్తాం. మనవరాలికి బందరులో, అదే మచిలీపట్నంలో, నర్సింగు సీటు వచ్చింది. ఇంటిల్లిపాదీ సంబరపడుతుంటే, ఆ పిల్ల మాత్రం "నేను వెళ్లను నానమ్మా" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఎందుకని అడిగితే మొహం మీది చున్నీ తీసింది. నుదురూ చెంపలూ ఎర్రగా పొంగి, కొన్ని చీము పట్టి ఉన్నాయి.

దానికి తోడు మా తోడికోడలు వాకిట్లో అడుగు పెడుతూనే, "ఏంటే, ఎవర్ని తలుచుకుంటున్నావ్? మొటిమలు ఊరికే రావు. బందరు వెళ్లకముందే ఇలా ఉంటే వెళ్లాక ఎలాగో!" అని నవ్వింది. ఆవిడకది సరసం. పిల్ల ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ మాట నా కొడుకు నమ్మాడంటే సీటు సంగతి అంతే అని నా భయం నాది.

మాకు తెలిసిన వైద్యమంతా చేశాం. రొయ్యలు వేడి అని మానిపించాం. ఇల్లంతా రొయ్యల వాసన, ఆ పిల్ల కంచంలో మాత్రం సొరకాయ. శనగపిండి వేసి పీచుతో రుద్దాం. మంటెత్తిపోయిందని కొబ్బరినూనె పట్టించాం. ఉప్పుగాలికి చర్మం పగలకుండా మా రేవులో ఆడా మగా మొహానికి నూనె రాసుకున్నాకే గడప దాటతారు. అందులో తప్పుంటుందని ఎవరికీ తోచలేదు.

చివరికి నా కొడుకే నన్నూ పిల్లనీ బస్సెక్కించి బందరులో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడది గుడివాడ వైపట. లైటు వేసి మొహమంతా చూసి, "రోజూ ఏం రాస్తావమ్మా?" అని అడిగింది.

పిల్ల నోరు తెరిచేలోగా నేనే అందుకున్నాను. "కొబ్బరినూనేనండి. దండిగా పట్టిస్తామండి."

"మామ్మగారూ, ఆ పిల్లకి లోపలే కావలసినంత నూనె ఊరుతోంది. పైనుంచి మీరు కూడా పోస్తున్నారా?" అని నవ్వి, విడమరిచి చెప్పింది. "ఈ వయసులో ఒంట్లో మార్పులొస్తాయి. చర్మంలో నూనె ఎక్కువ ఊరుతుంది. చర్మానికుండే సన్నటి రంధ్రాలు మూసుకుపోతే ఆ నూనె బయటికి రాలేక నిలిచిపోతుంది. అక్కడ సూక్ష్మజీవులు పెరిగి వాచిపోతుంది. అదే మొటిమ."

"చెరువు తూము పూడిపోయినట్టాండీ?"

"అంతేనండి. ఆ పూడిన తూము మీద మీరింకా జిడ్డు పూస్తున్నారు. పీచుతో రుద్ది పుండు చేస్తున్నారు."

"మరి రొయ్యలో?"

"వాటి తప్పేం లేదు, పెట్టండి."

అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది. గొంతు తగ్గించాను. "ఎవర్నైనా తలుచుకుంటే వస్తాయంటారు కదండీ?"

"అలాగైతే చదువుకునే రోజుల్లో నేను గుడివాడ మొత్తాన్నీ తలుచుకుని ఉండాలి! నా మొహం నిండా ఇవే." నవ్వు ఆపుకుని, "ఇవి కొంత వంశంలో కూడా వస్తాయి. ఇంట్లో ఇంకెవరికైనా ఉండేవా?" అంది.

నేను నా కొడుకు వైపు చూశాను. వాడు గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. "వీడికేనండీ! పెళ్లిచూపులకి తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు."

"అమ్మా!" అన్నాడు వాడు.

"నాన్నా, నీ బుగ్గల మీద గుంటలు సముద్రం ఉప్పుకి పడ్డాయన్నావుగా?" అంది పిల్ల.

"ఉప్పు కూడా కొంత ఉందిలేవే."

పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! నా గుండెల మీది బండ ఎవరో దింపినట్టయింది.

డాక్టరమ్మ పూత మందు రాసిచ్చింది. నూనె మానమంది, గిల్లొద్దంది, తగ్గడానికి నెలలు పడుతుంది, ఓపిక పట్టమంది. "తగ్గేదాకా కాలేజీకి వెళ్లకూడదాండీ?" అని పిల్ల అడిగితే, "ఎందుకమ్మా? అక్కడ సగం మందికి ఇవే ఉంటాయి" అంది.

అలాగే వెళ్లింది. మొటిమలు ఇంకా మొహం మీదే ఉన్నాయి, చున్నీ మాత్రం భుజం మీదే ఉంది. చేరిన వారంలోనే ఫోను చేసి, "నా గదిలో అందరికీ ఉన్నాయి నానమ్మా, డాక్టరమ్మ చెప్పిందంతా నేనే వాళ్లకి చెప్తున్నా" అంది. ఆ గొంతులో దిగులు లేదు. నాకది చాలు.

మీ ఇంటి పిల్లలు అద్దం ముందు కంటతడి పెట్టకుందురు గాక. మీ పొయ్యి ఆరకుండా, మీ మాట తప్పకుండా, మీ ఇంట్లో అందరూ చల్లగా ఉండాలి.