మట్టిగోడ ముందు ఫోటో

రియాద్‌లో నర్సుగా చేరిన రెండో నెలలో, సౌదీకి ఒకప్పటి రాజధాని దిరియా చూద్దామని వెళ్లాను. అక్కడ ఒక మట్టిగోడకు ఇంకా మరమ్మతు జరుగుతోంది. తడిమట్టిలో గడ్డి నానిన వాసన వస్తోంది. పని ముగించిన మేస్త్రీ ఒకాయన గోడకు అరచెయ్యి ఆనించి నిలబడి, ఫోటో తీస్తున్న తోటివాడితో తెలుగులో అంటున్నాడు:

“మంచిగ తియ్యరా. నేను మెత్తిన గోడని ఇంటికాడ పోరగాండ్లకు సూపియ్యాలె.”

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

నాకు ఎనిమిదేళ్లప్పుడు నాన్న కూడా ఇక్కడ మేస్త్రీయే. సెలవు మీద మా జగిత్యాలకు వచ్చిన ఒకాయనతో ఒక ఫోటో పంపాడు. ఇలాంటిదే మట్టిగోడ, ఎద్దు వీపు నిమిరినట్టు దాని మీద ఆయన చెయ్యి. సౌదీలో కూడా మట్టి ఇల్లేనా అని బడిలో నవ్వుతారని నాకు భయం. పక్కింటి సరిత వాళ్ల నాన్న ఫోటోలో అద్దాల మేడ ముందు నిలబడ్డాడు మరి. ఫోన్లో ఏడ్చాను.

“నాన్నా, ఆ పాడువడ్డ గోడ కాడ ఎందుకు నిలవడ్డవ్?”

“సరే బిడ్డా, మంచి జాగల దిగి పంపుత” అన్నాడు.

శుక్రవారం సెలవునాడు ఎవరిదో అంగీ తొడుక్కుని, పెద్ద అద్దాల టవర్ ముందు ఫోటో దిగి పంపాడు. దాన్ని వాడకట్టంతా తిప్పి చూపించాను. మట్టిగోడ ఫోటో ఎక్కడ పడేశానో గుర్తులేదు.

ఇప్పుడు మా ఇంట్లో దండ వేసి ఉన్నది ఆ టవర్ ఫోటోయే. అందులో నాన్న రెండు చేతులూ ఊరికే వేలాడుతుంటాయి.