టీచరమ్మ చేసిన రెండో డిస్కు

మొన్న ఆదివారం పొద్దున కల్లంలో మిరపకాయలు తిరగబోస్తుంటే, కంప్యూటరు టీచరమ్మ పోయారని చర్చి మైకులో చెప్పారు. గుండెపోటట. అంతకు నాలుగు రోజుల ముందే మా గేటు దగ్గర నిలబడి "బీపీ మాత్రలు వేసుకుంటున్నారా అన్నయ్యగారూ?" అని నన్ను అడిగిన మనిషి.

ప్రత్తిపాడులో మా ఎదురింటి ముందుగదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి పిల్లలకు నేర్పేవారావిడ. సీడీ డిస్కును అంచుల దగ్గరే పట్టుకునేవారు, పెనం మీది వేడి అట్టును పట్టుకున్నట్టు. ఎవరికి డిస్కు చేసినా ముందు తన విండోస్ మిషన్‌లో, తర్వాత మూలనున్న లైనక్స్ మిషన్‌లో పెట్టి చూసేవారు. అదీ చాలక ప్రింటింగ్ ప్రెస్సుకు నడిచి వెళ్లి, వాళ్ల మాకింటోష్‌లోనూ చూసొచ్చేవారు. "మన దగ్గర తెరుచుకుంటే ఏం లాభమండీ? అవతలివాళ్ల దగ్గర తెరుచుకోవాలి" అనేవారు. చాదస్తమని నేను నవ్వుకునేవాణ్ణి.

ఒక ఏడు మేం పదకొండు కుటుంబాలవాళ్లం ఒకే రకం మిరప విత్తనం వేశాం. చెట్లు నడుమెత్తు పెరిగాయి గానీ కాయ పడలేదు. నకిలీ విత్తనమని ఫిర్యాదు పెట్టాం. టీచరమ్మ కెమెరా పట్టుకుని చేను చేనూ తిరిగి ఫొటోలు తీశారు. విచారణకు వచ్చేవాళ్లు వచ్చేలోపే తుఫాను వచ్చి అన్నీ నేలమట్టం చేసింది. ఇక మాకు మిగిలిన సాక్ష్యం ఆ ఫొటోలే.

డిస్కు చేస్తూ ఆవిడ "ఇది క్లోజ్ చేసేస్తానండీ. ఆ తర్వాత ఇంకేమీ ఎక్కదు" అన్నారు.

"అంత చోటు ఖాళీగా పెట్టుకుని మూసేస్తారా? ఎకరం దున్ని అయిదు సెంట్లు నాటినట్టుంది! విత్తనం ప్యాకెట్ల ఫొటోలు ఇంకా ఎక్కించాలిగా."

"మూయకపోతే వేరే రకం కంప్యూటర్లు చదవలేవు అన్నయ్యగారూ. మూయకుండా ప్రెస్సులో పెట్టి చూశాను, తెరుచుకోలేదు."

"ప్రెస్సువాళ్ల డబ్బాతో మనకేం పని?" అన్నాను. నాకసలే ముక్కు మీద కోపం. ఆవిడ "సరేనండీ" అని నేను చెప్పినట్టే చేసిచ్చారు.

గుంటూరులో విచారణ రోజు ఆఫీసరుగారు ఆ డిస్కు పెట్టి చాలాసేపు చూశారు. "ఇందులో ఏమీ లేదండీ" అన్నారు. ఆయనది మా టీచరమ్మ దగ్గరున్న రకం కంప్యూటరు కాదు. విత్తనాల కంపెనీ వకీలు బ్యాగు మూసేసుకున్నాడు. ఆఫీసరుగారు గడియారం చూసి, "నాలుగింటికి ఫైలు పైకి పంపేస్తాను. ఉంటే ఈలోపు చూపించండి" అన్నారు.

అప్పటికి మూడు కావస్తోంది. ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తాను. "టీచరమ్మా, కొంప మునిగింది" అన్నాను. ఏం జరిగిందని కూడా అడగలేదావిడ. "బస్సెక్కుతున్నా" అని ఫోను పెట్టేశారు.

వరండాలో పదిమంది రైతులు నా మొహం వైపే చూస్తున్నారు. ఒక్కరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బస్సు దిగినవాళ్లందరూ వచ్చేస్తున్నారు గానీ ఆవిడ జాడ లేదు. నాలుగుకు పది నిమిషాలుందనగా ప్యూను వచ్చి "ఇక లోపలికి రమ్మంటున్నారు" అన్నాడు.

అప్పుడు కనబడ్డారావిడ, చెమటతో తడిసి ముద్దయి, చేతిలో టిఫిన్ డబ్బాతో. డబ్బాలోంచి జేబురుమాల్లో చుట్టిన ఇంకో డిస్కు తీసి ఆఫీసరుగారికిచ్చారు. మిషన్ గుర్రుమంది. తెర మీద ఏమీ రాలేదు. ఇంకాసేపటికి ఫొటోల పొట్టి పొట్టి పేర్లు వరసగా దిగాయి. మొదటిది తెరిస్తే మా చేనే, కాయ లేని చెట్లతో. వకీలు మళ్లీ బ్యాగు తెరిచాడు.

తిరుగు బస్సులో అడిగాను, "మూసేసిన డిస్కు రెండోది చేశానని ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పుంటే దాన్నీ మూయనివ్వకుండా, మిగతా చోటు నింపమనేవారు అన్నయ్యగారూ" అన్నారు. మావాళ్లంతా పగలబడి నవ్వారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మా కేసు నిలబడింది. నా మాట విని చేసిన డిస్కును నారుమడిలో పిట్టల్ని బెదరగొట్టడానికి వేలాడగట్టాను, ఆ పనికి బాగానే పనికొచ్చింది. కానీ ఇన్నేళ్లు ఎదురెదురుగా ఉండి, "తప్పు నాదే టీచరమ్మా" అని ఒక్కసారీ అనలేకపోయాను. ఇప్పుడు మీ అందరి ముందూ అంటున్నాను. వినాల్సిన మనిషి లేరు.

ఆవిడ సమాధి మీద పిడికెడు మట్టి వేసి వచ్చి, కేసు అయ్యాక తిరిగొచ్చిన ఆ రెండో డిస్కును బీరువాలోంచి తీశాను. అంచుల దగ్గరే పట్టుకుని కిటికీ వెలుతురులో తిప్పి చూశాను. నడిమి చిల్లు చుట్టూ సన్నటి ముదురు గీత, అందులో మా పదకొండు చేలూ ఉన్నాయి. మిగతాదంతా నా మాట వినకుండా ఆవిడ ఖాళీగా వదిలేసిన చోటు, తళతళా మెరుస్తోంది.