పిలిస్తే పెట్టాలి

రాజుగారికి సరదా పుట్టి కట్టించిన బోనులవి. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు; సింహాలకూ కొదవ లేకపోయింది. ఒకనాడు అతిథుల ముందు గొప్ప చూపించుకోవడానికి ఆయన ఉత్త చేతులతో సింహాన్ని పిలిచాడట. అది ఊచల దాకా వచ్చి, ఏమీ లేదని గ్రహించి, పక్కనే నిలబడ్డ కాపరి చెయ్యి మోచేతి దాకా తెంపుకుపోయింది. రాజుగారికి ఏం కాలేదు. అలాంటివాళ్లకు ఏమీ కాదు.

ఇప్పుడు ఆ బోనులు చూసుకునే ముసలాయన్ని అందరూ బోను మామ అంటారు; ఆ కాపరి ఆయనకు తాత. మిగిలిన ఒంటి చేత్తోనే కొడుక్కి పని నేర్పాడు: పిలిస్తే పెట్టాలి, పెట్టలేనప్పుడు పిలవకూడదు. కొడుకు నుంచి ఆ మాట మామకు వచ్చింది. రాజ్యం పోయింది. జంతుశాల మునిసిపాలిటీ చేతికొచ్చింది. టిక్కెట్టు కొన్న జనం పడుకున్న జంతువుల మీద రాళ్లు విసరడం నేర్చుకున్నారు. మాట మాత్రం మారలేదు.

ఊరు పెరిగి గోడల దాకా వచ్చాక, కంపు భరించలేమని మేడలవాళ్లు మొరపెట్టుకున్నారు. జంతువుల్ని ఊరి బయట కొత్త పార్కుకు తరలించమని ఉత్తర్వు వచ్చింది. మామ పెంచిన ముసలి ఆడసింహం మాత్రం లారీ పెట్టెలో కాలు పెట్టనంది. రేపటికి ఎక్కకపోతే సూది వేసి చంపేయమన్నారు పైవాళ్లు.

"నువ్వు పిలిస్తే వస్తుంది కదయ్యా," అన్నాడు పశువుల డాక్టరు. "లోపలికి రాగానే మత్తు సూది వేస్తాను. ఇప్పట్నుంచి దానికేమీ పెట్టకు. కడుపు ఖాళీగా ఉండాలి."

"ఉత్తినే ఎలా పిలుస్తానండీ?"

"నోటితో," అన్నాడు డాక్టరు. లారీ డ్రైవరు పగలబడి నవ్వాడు.

ఇంట్లో భార్య కూడా అదే మాట అంది. "మిమ్మల్ని కట్టుకున్న కొత్తలో నేనెన్ని పూటలు పస్తులున్నానో. పిలిస్తే పలకలేదా?"

"నువ్వు కరవవు కదే."

"అదే నా తప్పు."

పొద్దున పెట్టె పక్కన నిలబడి పిలిచాడు. ముసలిది లేచింది. నడుము ఈడ్చుకుంటూ, ఆయన చేతివంకే చూస్తూ పెట్టెలోకి వచ్చింది. డాక్టరు అటు తిరిగి సూదిలోకి మందు ఎక్కిస్తున్నాడు. మామ చొక్కా కింద దాచిన మాంసం ఊచల సందులోంచి లోపలికి వదిలాడు. పిడికెడు ముక్కలతో ఏమవుతుందిలే అనుకున్నాడు.

మత్తెక్కింది. లారీ గేటు దాటకముందే అది కక్కుకుంది. తల ఎత్తే ఓపిక లేదు. కక్కింది గొంతుకు అడ్డం పడింది. మామ ఊచల్లోంచి రెండు చేతులూ దూర్చి మెడ పైకెత్తబోయాడు. ఆ బరువు ఆయన వల్ల కాలేదు. చేతుల్లోనే ఊపిరాగిపోయింది.

డాక్టరు కింద పడ్డ ముక్కలు చూశాడు. "పెట్టావా?"

"పెట్టానండి."

"ఎందుకు?"

చెప్పబోయాడు. తాత, రాజు, తెగిన చెయ్యి. ఆ ఎండలో, అంతమంది ముందు, అదంతా పిచ్చివాడి గోలలా ఉంటుందనిపించి ఊరుకున్నాడు.

"పోనీలే, ఎలాగూ ముసలిదే," అన్నాడు డాక్టరు. తిట్టినా బాగుండేది. "పెట్టె కడిగెయ్. ఎలుగుబంటిని ఎక్కించాలి."

కడిగాడు. ఎలుగుబంటిని పిలవమన్నారు. మామ నీళ్ల గొట్టం పట్టుకుని నిలబడ్డాడే గాని నోరు విప్పలేదు. డాక్టరు రెండుసార్లు చెప్పి చూసి మనుషుల్ని కేకేశాడు. వాళ్లు కర్రలు తెచ్చి, పొడిచి, తోసి దాన్ని ఎక్కించారు. లారీ మలుపు తిరిగేదాకా అది అరుస్తూనే ఉంది.

ఒళ్లంతా గాయాలతో క్షేమంగా చేరిందని సాయంత్రం డ్రైవరు వచ్చి చెప్పాడు.