నేను కలిపిన మాట

నా చిన్నప్పుడు, సిరిసిల్ల పక్కనున్న మా ఊళ్లో సాంచెల చప్పుడు ఆగితేనే జనానికి గుండె దడ. మరమగ్గాలను మేం సాంచెలంటాం. అవి ఉన్నట్టుండి ఆగాయంటే మేం అన్నలనే నక్సలైట్లు బందుకు పిలుపిచ్చారనో, పోలీసు జీపు ఊళ్లోకి వచ్చిందనో అర్థం. అటు వాళ్లకూ ఇటు వీళ్లకూ మధ్య నోరు అదుపులో పెట్టుకొని బతకడం పిల్లలకు కూడా అలవాటయింది. నేను ఒకే ఒక్కసారి తప్పాను.

మా తాత చేతిమగ్గం మనిషి. పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకొని గాని మగ్గం గుంటలోకి దిగేవాడు కాదు. తామరతూడు నుంచి దారం తీసి దేవతలకు బట్ట నేసిన ఋషి వంశం మాది అని చెప్పేవాడు. కథ చెప్పినట్టు కాదు, ఇంటిపేరు చెప్పినట్టు చెప్పేవాడు.

పదో తరగతిలో మాకు జీవశాస్త్రం చెప్పే సారు వెల్గటూరు వైపు నుంచి వచ్చాడు. పెళ్లి కాలేదు, బడి వెనకాల అద్దె గదిలో ఉండేవాడు. ఆ రోజు ఆయన చెప్పింది జీవపరిణామం పాఠం. మనిషికీ కోతికీ కోట్ల ఏళ్ల కిందట ఒకే పూర్వీకులు ఉండేవారని, ఆ మొదలు నుంచి వేరువేరు కొమ్మలు చీలాయని బోర్డు మీద గీసి చూపించాడు. మరి దేవుడో అని ఎవరో అడిగితే, అది ఈ పాఠంలో లేదని, ఇంట్లో పెద్దవాళ్లను అడగమని అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

సాయంత్రం అన్నం తింటున్నప్పుడు అందరినీ నవ్విద్దామని నేను, "మన ముత్తాతకు ముత్తాత కోతేనట తాతా. మా సారు చెప్పిండు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. తాత కలిపిన ముద్ద కంచంలోనే వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

ఆయన ఆ మాటను గుడి దగ్గర కులపెద్దలతో చెప్పుకొని బాధపడ్డాడు. అక్కడి నుంచి అది ఊరంతా తిరిగింది. మర్నాటికి సారు దేవుడు లేడన్నాడట. ఆ తర్వాత గుడికి పోయేవాళ్లను గొర్రెలన్నాడట. వారం తిరక్కముందే ఆయన అన్నల మనిషి అయిపోయాడు. ఆ రోజుల్లో ఆ ఒక్క మాట చాలు. మూడో పీరియడ్ నడుస్తుండగా జీపు బడి ముందు ఆగింది. సారు చేతిలోని సుద్దముక్కను బల్ల మీద పెట్టి, మమ్మల్ని చప్పుడు చేయకుండా కూర్చోమని చెప్పి వెళ్లాడు.

ఆ సంగతి తెలిసిన పూట తాత మగ్గం మీద కూర్చోలేదు. నన్ను పిలిచి, సారు అన్నది అన్నట్టు చెప్పమన్నాడు, నా మాట కలపొద్దన్నాడు. పుస్తకం తెచ్చి పాఠం చదివాను. రెండోసారి చదివించాడు. కోతి మన ముత్తాత అని ఎక్కడుందో చూపించమన్నాడు. ఎక్కడా లేదు. నన్ను కొడతాడనుకున్నాను. ఆయన గోడకు ఆనుకొని, బాగా ముసలివాడైనట్టు కూర్చున్నాడు.

పొద్దున ఉతికిన ధోవతి కట్టుకొని, నన్నూ పుస్తకాన్నీ వెంటబెట్టుకొని ఠాణాకు బయల్దేరాడు. కులపెద్దలను రమ్మని అడిగాడు. మనకెందుకీ తలనొప్పి అని ఎవరూ రాలేదు. ఠాణా ముందు మట్టిలో మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. నాకు దాహమేస్తున్నా అడగడానికి భయమేసింది. చివరికి ఎస్సై లోపలికి పిలిచాడు. తాత పుస్తకాన్ని ఆయన ముందు పెట్టాడు.

"గీ పాఠం నాకు నచ్చలే సార్. ఎన్నటికీ నచ్చది. కని గిది సర్కారు పుస్తకం. ఇండ్ల ఉన్నదే ఆ సారు చెప్పిండు."

ఎస్సై పేజీలు తిప్పుతూ, మరి ఈ మాటలన్నీ ఎక్కడ పుట్టాయని అడిగాడు. తాత నా వైపు చూడనైనా లేదు.

"నేనే పుట్టిచ్చిన సార్. సమజ్ గాక అన్న. ఏం జేస్తరో నన్ను జేయుండ్రి."

ఆయన చేత ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. చాలాసేపు తిట్టారు. ఆ వయసులో ఆయన చేతులు కట్టుకొని నిలబడి ఆ తిట్లన్నీ పడ్డాడు. తిరిగి వస్తూ ఊరి మొదట్లో ఆగి, "నేనైతె ఋషి వంశపోన్నే. సచ్చేదాక గదే అంట. కని ఒక సారును కొట్టిస్తెనే నిలవడేటోడు కాదు బిడ్డా నా దేవుడు" అన్నాడు.

మర్నాడు సారును వదిలారు. నాలుగు రోజుల తర్వాత బడికి వచ్చాడు. కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు, బోర్డు కింది భాగంలోనే రాశాడు. మిగిలిన పాఠం చెప్పలేదు. పరీక్షకు వస్తుంది, మీరే చదువుకోండని తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయాడు. వేసవిలో బదిలీ చేయించుకున్నాడు. మళ్లీ కనపడలేదు.

తర్వాత నేనూ ఆ పాఠాలే చెప్పే టీచరునయ్యాను. రాయికల్‌లో, పెగడపల్లిలో, ఎక్కడ పనిచేసినా ఏటా ఆ పాఠం వచ్చేది. మా ఏసయ్య చేసిండు మనుషులను అని ఒకరి తండ్రి, మా దేవుణ్ణి అవమానిస్తున్నరని ఇంకొకరి తండ్రి వచ్చేవారు. పుస్తకం వాళ్ల ముందు పెట్టి, కూర్చోబెట్టి చదివి వినిపించేదాన్ని. కొందరు వినేవారు, కొందరు లేచి వెళ్లేవారు. ముప్పై ఏళ్లు అదే పని. ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నా ఆ అలసట ఒంట్లోంచి పోలేదు.

ఫలానా మనిషి ఇలా అన్నాడట అని ఎవరైనా చెబితే, నీ చెవులతో విన్నావా అని ఇప్పటికీ అడుగుతాను. చాదస్తమని మా పిల్లలు విసుక్కుంటారు. వాళ్లకు ఈ కథంతా చెప్పాను గాని, ఒక్క సంగతి దాచాను. సారు బడికి తిరిగొచ్చిన రోజున వరండాలో నన్ను ఆపి, మీ తాతకు దండం పెట్టానని చెప్పమన్నాడు. ఆ మాట మొదట అన్నది నేనేనని అప్పుడైనా చెప్పాల్సింది. సరే సార్ అని తలూపి క్లాసులోకి వెళ్లిపోయాను.