ప్రింటర్‌ను తిట్టనివ్వని కోడలు

మా పక్కింట్లో అద్దెకున్నవాళ్ల కోడలు మడికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేది. ఏ యంత్రం చెడిందన్నా ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. సంగతంతా వినేదాకా దేన్నీ ముట్టుకునేది కాదు.

నా కార్డుల దుకాణంలోని పాత కంప్యూటర్‌ను విండోస్ నుంచి, ఉచితంగా దొరికే లినక్స్‌కు మార్చాను. విండోస్ కోసం చేసిన నా తెలుగు టైపింగ్ ప్రోగ్రాము, వైన్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో దాని మీద తెరుచుకుంది గానీ, ప్రింటు ఇస్తే అసలు ప్రింటరే లేదంది. ఎదురుగా కేసముద్రం నుంచి వచ్చిన రైతు ఒకాయన కూర్చున్నాడు. తండ్రి దశదినకర్మ కార్డులు ఆ సాయంత్రంలోగా చుట్టాలకు అందాలి. అంతా పారేసి కొత్తది కొనుక్కోమన్న బజారు మేధావుల మీది కోపంతో ప్రింటర్‌ను తిట్టిపోశాను. నేను పిలిస్తే దుకాణానికి వచ్చిన ఆ కోడలు, చేతులు వెనక్కి కట్టుకునే సంగతంతా విని నన్ను ఆపింది.

"దాన్నెందుకు తిడ్తున్నరు మామా? ముందుగాల లినక్స్ ప్రోగ్రాంల నుంచి ఒక కాయితం తీసి సూద్దాం."

కాయితం శుభ్రంగా వచ్చింది.

"సూసిన్రా? పాపం, దాని తప్పేం లేదు. మీ ప్రోగ్రాం పాతకాలంది. దానికి తగ్గ ప్రింటింగ్ ఫైలు ఈ కంప్యూటర్ల లేదు, గంతే."

ఆ ఫైలు ఎక్కించి, ప్రోగ్రామును మూసి మళ్లీ తెరిచింది. ఈసారి ప్రింటర్ పేరు కనిపించింది. బయటికొచ్చిన మొదటి కార్డును రైతు అందుకుని, తండ్రి పేరు మీద వేలు పెట్టి మెల్లగా చదివాడు.

"మా బాపు పేరు మంచిగచ్చింది. ఇగ అన్నీ తియ్యి సేటూ."

ఆ మాటకు లేచి కార్డుల కట్ట విప్పాను.